దీర్ఘకాలిక నరాల నొప్పి - రోగనిరోధక కణాల పాత్ర

దెబ్బ తగిలిన చోటి నుంచి కబురు మోసుకెళ్లే నరమే జబ్బుపడితే వచ్చే నొప్పిని వైద్యశాస్త్రం న్యూరోపతిక్ నొప్పి అంటుంది. వాడుకలో ఇది నరాల నొప్పి. ఎముక విరిగినప్పుడు నరం ఆ సంగతి మెదడుకు చేరవేస్తుంది, ఎముక అతుక్కున్నాక ఊరుకుంటుంది. న్యూరోపతిక్ నొప్పిలో చేరవేసే మార్గమే చెడి ఉంటుంది కనుక, గాయం మానినా, పైకి గాయమన్నదే కనిపించకపోయినా, బాధ నెలలు, ఏళ్లు సాగుతుంది. అరికాళ్లలో నిప్పులు పోసినట్టు మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు, ఉన్నట్టుండి కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమనడం, చీమలు పాకినట్టు తిమ్మిరి - రోగులు చెప్పుకునే మాటలివి. ఒకే చోట స్పర్శ మొద్దుబారి ఉండటం, అదే చోట పల్చటి దుప్పటి తగిలినా ఓర్వలేకపోవడం ఈ జబ్బుకే చెల్లింది. మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలికమైనదిగా లెక్కిస్తారు.

జనాభాలో 7 నుంచి 10 శాతం మందికి ఈ తరహా నొప్పి ఉందని అంచనా. మధుమేహం, సర్పి తగ్గాక మిగిలిపోయే నొప్పి, డిస్క్ జారి నరం నలగడం వల్ల వచ్చే సయాటికా, ప్యాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్ వంటి క్యాన్సర్ మందులు, కుష్ఠు, హెచ్‌ఐవి, ప్రమాదాలు, శస్త్రచికిత్సలు దీనికి ప్రధాన కారణాలు. భారతదేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు రాత్రిళ్లు పడే అరికాళ్ల మంటలకు మూలం చాలావరకు అక్కడే ఉంది.

చాలాకాలం దీన్ని పూర్తిగా నాడీకణాల వ్యవహారంగానే చూశారు. తెగిన నరం తనంతట తాను సంకేతాలు పుట్టిస్తుందనీ, ఆ ఉద్రేకాన్ని అణిస్తే నొప్పి పోతుందనీ అనుకున్నారు. గత మూడు దశాబ్దాల పరిశోధన ఆ చిత్రాన్ని మార్చింది. నరం చుట్టూ, నాడీముడుల్లో, వెన్నుపాములో ఉండే రోగనిరోధక కణాలు నొప్పి మొదలవడంలో, ముదరడంలో, తగ్గడంలో కూడా నేరుగా పాలుపంచుకుంటాయి. ఫలానా కణం మంచిది, ఫలానాది చెడ్డది అని తీర్పు చెప్పడానికి మాత్రం వీల్లేదు. అది ఎక్కడ ఉంది, గాయమైన ఎన్నో రోజున వచ్చింది, ఆ శరీరం ఆడదా మగదా అన్నదాన్ని బట్టి ఒకే జాతి కణం నొప్పిని పెంచనూ వచ్చు, ఆర్పనూ వచ్చు.

తొలి పరిశీలనలు

అమెరికా అంతర్యుద్ధంలో తుపాకి గుండ్ల వల్ల నరాలు దెబ్బతిన్న సైనికులకు ఫిలడెల్ఫియాలో చికిత్స చేసిన సైలస్ వీర్ మిచెల్, మానిన గాయం కింద ఆగని మంటను 1864లో వివరంగా నమోదు చేశాడు. అంతకు ముందే, 1850లో, ఆగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాలను కోసి, కోతకు అవతల మిగిలిన భాగం ముక్కలై నశించిపోతుందని చూపాడు. నేటికీ ఆ ప్రక్రియను వాలర్ పేరుతోనే పిలుస్తారు. సూక్ష్మజీవుల్నీ శిథిలాలనూ మింగే భక్షక కణాలను ఇల్యా మెచ్నికోవ్ 1882లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో నక్షత్రచేప లార్వాల్లో గమనించాడు. మాస్ట్ కణాలను పాల్ ఎర్లిక్ 1878లో వర్ణించాడు. ఇద్దరూ 1908 నోబెల్ బహుమతిని పంచుకున్నారు. వెన్నుపాములో, మెదడులో కాపలా ఉండే మైక్రోగ్లియాను స్పెయిన్ శాస్త్రజ్ఞుడు పియో దెల్ రియో ఒర్తేగా 1919లో వేరుగా గుర్తించాడు. ఇన్ని విడి విడి సంగతులు నొప్పి అనే ఒక్క ప్రశ్న దగ్గర కలవడానికి దాదాపు మరో డెబ్బై ఏళ్లు పట్టింది.

కలిపినది ఒక ఎలుక నమూనా. 1988లో గ్యారీ బెనెట్, యికువాన్ షీ ఎలుక తొడ వెనుక సయాటిక్ నరం చుట్టూ నాలుగు వదులు ముడులు వేశారు. నరం పూర్తిగా తెగదు, ఉబ్బి నలుగుతుంది. ఆ ఎలుకలు నెలల తరబడి ఆ కాలిని నేలకు ఆనించకుండా కాచుకునేవి. ముడికి వాడింది జంతువుల పేగు నుంచి చేసిన, క్రోమియం లవణాలతో శుద్ధిచేసిన దారం. నరాన్ని నొక్కకపోయినా, ఆ దారం ముక్కను పక్కన పెడితే చాలు, నొప్పి లక్షణాలు కనిపిస్తున్నాయని తరువాత తెలిసింది. శరీరం పరాయి పదార్థంపై చూపే రోగనిరోధక ప్రతిస్పందనకే నరాన్ని మండించే శక్తి ఉందన్నమాట.

గాయం దగ్గర జరిగేది

నరం తెగిన గంటల్లోనే అక్కడ కాపురముండే మాస్ట్ కణాలు తమలోని హిస్టమిన్‌ను, ఇతర రసాయనాలను వెదజల్లుతాయి. వాటి వెంటే రక్తం నుంచి న్యూట్రోఫిళ్లనే తెల్లకణాలు వస్తాయి. రెండు మూడు రోజుల్లో మోనోసైట్లనే మరో రకం తెల్లకణాలు చేరి భక్షక కణాలుగా మారతాయి. వారం రెండు వారాలకు వాటి సంఖ్య పతాక స్థాయికి చేరుతుంది. వీటిని పిలిచేది నరాన్ని చుట్టి ఉండే ష్వాన్ కణాలు. అవి విడుదల చేసే సీసీఎల్2 అనే రసాయనం రక్తంలోని మోనోసైట్లకు దారి చూపుతుంది. వచ్చినవి, తంతువులను కప్పి ఉండే మైలిన్ పొరలో చచ్చిన భాగాలను తిని శుభ్రం చేస్తాయి. ఈ శుభ్రత లేకపోతే నరం తిరిగి పెరగదు. పెరిగేటప్పుడు కూడా దాని వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే కాబట్టి, తుంటి దగ్గర తెగిన నరం పాదం చేరడానికి ఏడాదికి పైగా పడుతుంది.

ఇంత అవసరమైన పనిలోనే నొప్పికి బీజం ఉంది. పనిచేస్తున్న భక్షక కణాలు టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లను, అంటే కణాల మధ్య సంకేతాలు మోసే ప్రొటీన్లను, స్రవిస్తాయి. ఇవి పక్కనే ఉన్న, ఇంకా తెగని నాడీతంతువుల మీద పడి సోడియం ద్వారాల పనితీరును మారుస్తాయి. మామూలుగా ఊరుకునే తంతువు చిన్న తాకిడికే సంకేతాలు పంపుతుంది, ఒక్కోసారి ఏ తాకిడీ లేకుండానే పంపుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుక నరంలోకి టీఎన్‌ఎఫ్‌ను ఎక్కిస్తే చాలు, నరాల నొప్పి లక్షణాలు వస్తాయని 1996లో చూపారు. అదే ఏడాది మరో గట్టి సాక్ష్యం దొరికింది. కోసిన నరం వారాలపాటు నశించకుండా నిలిచే ఒక చిత్రమైన ఎలుకల జాతి ఉంది. శిథిలం లేనందున భక్షక కణాలు ఆలస్యంగా వస్తాయి. ఆ ఎలుకల్లో నరానికి ముడులు వేసినా నొప్పి లక్షణాలు తక్కువగానే కనిపించాయి.

సహజ హంతక కణాలనే మరో రకం తెల్లకణాలది ఇంకో దారి. సగం నలిగి, చావక బతకక ఉన్న తంతువులను అవి వెతికి తొలగిస్తాయని సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం బృందం 2019లో ఎలుకల్లో కనుగొంది. అలా తొలగిపోయాక ఎలుకల నొప్పి లక్షణాలు తగ్గాయి. పాడైన తీగ పూర్తిగా పోవడమే మేలని శరీరానికి తెలుసన్నట్టుంది.

నాడీముడులు

చర్మం నుంచి వచ్చే ప్రతి తంతువుకూ తల్లికణం వెన్నుపాము పక్కన వరుసగా ఉండే చిన్న నాడీముడుల్లో ఉంటుంది. గాయం పాదంలో అయినా, కొన్ని రోజుల్లో ఆ ముడిలోనూ భక్షక కణాలు పెరుగుతాయి. ఈ రెండు చోట్లలో నొప్పికి అసలు కీలకం ఏదన్న ప్రశ్నకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని అలన్ బాస్‌బౌమ్ బృందం 2020లో సూటిగా బదులిచ్చింది. గాయం దగ్గరి భక్షక కణాలను తొలగిస్తే పెద్దగా ఫలితం లేదు. నాడీముడిలోని వాటిని తొలగిస్తే నొప్పి రాలేదు. వచ్చాక తొలగించినా తగ్గింది. ఆడ, మగ ఎలుకలు రెండింటిలోనూ ఇదే జరిగింది. పాదం మండుతుంటే పాదానికే మందు రాయడం ఎందుకు చాలదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

వెన్నుపాములో మైక్రోగ్లియా

నొప్పి శాశ్వతం కావడంలో అన్నిటికన్నా ఎక్కువ చర్చకు వచ్చినది మైక్రోగ్లియా. పిండదశలో పచ్చసొన సంచి నుంచి మెదడుకు, వెన్నుపాముకు వలసవచ్చి, జీవితాంతం అక్కడే స్థిరపడే రోగనిరోధక కణాలివి. కాలిలో నరం తెగిన రెండు మూడు రోజులకే, వెన్నుపాములో ఆ నరం వచ్చి చేరే వెనుక భాగంలో ఇవి రూపం మార్చి, సంఖ్య పెంచుకుంటాయి. తెగిన నాడీకణం సీఎస్‌ఎఫ్1 అనే వృద్ధికారకాన్ని తయారుచేసి తన తంతువు గుండా వెన్నుపాముకు పంపి వీటిని లేపుతుందని 2016లో తెలిసింది.

లేచిన మైక్రోగ్లియా చేసే పనిని జపాన్, కెనడా శాస్త్రజ్ఞులు మెట్టు మెట్టుగా విప్పారు. మకోతో త్సుదా, కజుహిదే ఇనోవే తదితరులు 2003లో మైక్రోగ్లియా మీద పీ2ఎక్స్4 అనే గ్రాహకం పెరుగుతుందనీ, దాన్ని మూసేస్తే తాకితే నొప్పి అనే లక్షణం పోతుందనీ చూపారు. ఏటీపీ అనే అణువు ఆ గ్రాహకాన్ని తడితే మైక్రోగ్లియా బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తుందని మైకేల్ సాల్టర్, ఈవ్ డి కోనింక్ బృందాలు 2005లో చెప్పాయి. ఆ ప్రొటీన్ వల్ల వెన్నుపాములోని నాడీకణాలు క్లోరైడ్‌ను బయటికి తోడే పంపు కేసీసీ2ను తగ్గించుకుంటాయి. కణం లోపల క్లోరైడ్ పేరుకుంటుంది. గాబా అనే రసాయనం మామూలుగా క్లోరైడ్ ప్రవాహం ద్వారానే నాడీకణాన్ని శాంతపరుస్తుంది. లోపల క్లోరైడ్ ఎక్కువైతే గాబా ఇచ్చే ఆజ్ఞకు బలం పోతుంది, ఒక్కోసారి అదే కణాన్ని రెచ్చగొడుతుంది. బ్రేకు వేయవలసిన తొక్కుడు యాక్సిలరేటర్‌గా మారినట్టు. దుప్పటి తాకిడి వంటి మెత్తని స్పర్శ నొప్పి మార్గంలోకి దొర్లేది ఈ దశలోనే.

ఈ వివరణ అందంగా ఉంది, ప్రయోగాలతో నిలబడింది. అయితే ఆ ప్రయోగాలు దాదాపు అన్నీ మగ ఎలుకల మీదే జరిగాయి.

ఆడ, మగ తేడా

‘పెయిన్’ పత్రికలో పదేళ్లపాటు వచ్చిన జంతు పరిశోధనల్లో దాదాపు 80 శాతం మగ జంతువులతో మాత్రమే చేసినవని నొప్పి పరిశోధకుడు జెఫ్రీ మోగిల్ 2005లో ఎత్తిచూపాడు. దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవారిలో స్త్రీలే ఎక్కువ. పదేళ్ల తరువాత, 2015లో, మోగిల్, సాల్టర్ బృందాలు రెండు లింగాలనూ పక్కపక్కన పెట్టి పరీక్షించాయి. మైక్రోగ్లియాను అడ్డుకునే మందులు వెన్నుపాములోకి ఇస్తే మగ ఎలుకల్లో నొప్పి తగ్గింది. ఆడ ఎలుకల్లో ఏ మార్పూ లేదు. వాటిలో ఆ పనిని టి కణాలనే మరో రకం రోగనిరోధక కణాలు చేస్తున్నట్టు ఆధారాలు దొరికాయి. టి కణాలు లేకుండా పుట్టిన ఆడ ఎలుకలు మాత్రం మగవాటిలాగే మైక్రోగ్లియా దారి పట్టాయి. బయటికి కనిపించే నొప్పి ఒక్కటే, లోపలి యంత్రాంగాలు రెండు.

మనుషుల్లోనూ దీనికి పోలిక ఉన్నట్టుంది. వెన్నెముక శస్త్రచికిత్స చేయించుకున్న క్యాన్సర్ రోగుల నుంచి వారి అనుమతితో సేకరించిన నాడీముడులను టెక్సాస్ పరిశోధకులు 2019లో విశ్లేషించారు. నొప్పి ఉన్న పురుషుల ముడుల్లో భక్షక కణాలకు, వాటి సైటోకైన్లకు చెందిన జన్యువులు చురుగ్గా ఉన్నాయి. స్త్రీలలో కనిపించిన జన్యువుల వరస వేరు. సగం జనాభాను లెక్కలో పెట్టని పరిశోధన ఎంత దూరం వెళ్లగలదన్నది ఇక్కడ గట్టిగానే అడగాలి. మగ ఎలుకల్లో నెగ్గి మనుషుల్లో ఓడిన మందుల చిట్టా వెనుక ఈ లోపం ఒక కారణం కాకపోదు.

నొప్పిని ఆర్పే కణాలు

టి కణాల్లో చాలా తెగలున్నాయి. టి కణాలు పరిపక్వమయ్యే థైమస్ గ్రంథి లేని, అందువల్ల టి కణాలు లేని ఎలుకల్లో నరాల నొప్పి తక్కువగా ఉంటుందనీ, వాటికి టీహెచ్1 తెగను ఎక్కిస్తే నొప్పి పెరుగుతుందనీ, మామూలు ఎలుకల్లో టీహెచ్2 తెగ దాన్ని కొంత తగ్గిస్తుందనీ 2004లో తేలింది. ప్యాక్లిటాక్సెల్ ఇచ్చిన ఎలుకల్లో సీడీ8 తెగ, వాపును అణచే సైటోకైన్ ఇంటర్‌ల్యూకిన్-10 లేకపోతే నొప్పి తగ్గడమే ఆలస్యమవుతుంది. నియంత్రక టి కణాల కథ మరీ ఆసక్తికరం. వెన్నుపామును కప్పే పొరల్లో ఉండే ఈ కణాలు ఎన్‌కెఫాలిన్ అనే, శరీరమే తయారుచేసుకునే నల్లమందు జాతి రసాయనాన్ని విడుదల చేసి నొప్పిని అణుస్తాయని 2025లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. అది ఆడ ఎలుకల్లో మాత్రమే. మగవాటిలో ఆ కణాలను తీసేసినా నొప్పి మారలేదు.

భక్షక కణాలకూ ఈ రెండో ముఖం ఉంది. నాడీముడిలోని భక్షక కణాలు అలసిన నాడీకణాలకు కణానికి శక్తినిచ్చే తమ మైటోకాండ్రియాలను అందించి నొప్పి తగ్గడానికి తోడ్పడతాయని నెదర్లాండ్స్ పరిశోధకులు 2022లో చూపారు. కొవ్వు ఎక్కువగా ఉన్న తిండితో మధుమేహం తెచ్చిన ఎలుకల్లో, నరంలోకి వచ్చే భక్షక కణాలను అడ్డుకుంటే తంతువులు త్వరగా నశించాయని హార్వర్డ్‌కు చెందిన క్లిఫర్డ్ ఉల్ఫ్ బృందం 2025లో ప్రకటించింది. పీ2ఎక్స్4తో మైక్రోగ్లియాను దోషిగా నిలబెట్టిన త్సుదాయే, దాదాపు రెండు దశాబ్దాల తరువాత, 2022లో, మైక్రోగ్లియాలోనే మరో తెగ నొప్పి ఉపశమనానికి అవసరమని కనుగొన్నాడు. ఆ తెగను తొలగిస్తే తగ్గిన నొప్పి తిరగబెట్టింది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా నేర్పే ఫలితం ఇదే.

న్యూట్రోఫిళ్ల సంగతి వైద్యులనే ఆలోచనలో పడేసింది. నడుంనొప్పి మొదలైన 98 మందిని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడు నెలలు గమనించారు. నొప్పి తగ్గిపోయినవారి రక్తంలో మొదట్లో న్యూట్రోఫిళ్లకు చెందిన వేలాది జన్యువుల పనితీరు బాగా మారింది. తగ్గనివారిలో అలాంటి మార్పే లేదు. ఎలుకల్లో స్టిరాయిడ్లు, డైక్లోఫెనాక్ తొలి రోజుల్లో ఇస్తే అప్పటికి నొప్పి తగ్గింది కానీ మొత్తం మీద ఎక్కువ కాలం సాగింది. 2022లో వెలువడిన ఈ అధ్యయనం తొలినాటి వాపును, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను పూర్తిగా అణచడం మంచిదేనా అన్న సందేహాన్ని లేపింది. నొప్పి మాత్రలు మానేయమనడానికి ఇది చాలదు. మనుషుల్లో సరైన తులనాత్మక పరీక్షలు కావాలి.

కుష్ఠు: కణాలే నరాన్ని కొరికే జబ్బు

రోగనిరోధక కణాలు నరాన్ని పాడుచేయడాన్ని ఎలుకల్లో వెతకనవసరం లేని జబ్బు కుష్ఠు. ప్రపంచంలో ఏటా గుర్తించే కొత్త రోగుల్లో సగానికి పైగా భారతదేశంలోనే ఉన్నారు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో నెలకొల్పిన ఆసుపత్రి నుంచి నేటి జిల్లా ఆసుపత్రుల దాకా, వైద్యుడు మొదట చేసే పని మోచేతి వెనుక నరాన్ని వేళ్లతో తడిమి, అది లావెక్కిందో లేదో చూడటం. కుష్ఠు సూక్ష్మజీవి ష్వాన్ కణాల్లో ఉంటుందని చాలాకాలంగా తెలుసు. శాస్త్రజ్ఞురాలు లలితా రామకృష్ణన్ బృందం 2017లో జీబ్రా చేపల్లో చూపింది వేరే సంగతి: సూక్ష్మజీవి పైపొరలోని ఒక కొవ్వు పదార్థానికి స్పందించిన భక్షక కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎక్కువగా తయారుచేసి, ఆరోగ్యంగా ఉన్న తంతువుల మైలిన్‌ను చెడగొట్టాయి.

టి కణాలు ఒక్కసారిగా విజృంభించే రియాక్షన్ అనే దశలో నరం రోజుల్లో ఉబ్బి భరించలేని నొప్పి పుడుతుంది. అప్పుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ ఇవ్వడం ఆలస్యమైతే చెయ్యో పాదమో చచ్చుబడుతుంది. బహుళ ఔషధ చికిత్స సూక్ష్మజీవిని చంపినా నొప్పి కథ ముగియదు. చికిత్స పూర్తయినవారిపై ముంబైలో జరిపిన అధ్యయనంలో దాదాపు ఐదో వంతు మందికి న్యూరోపతిక్ నొప్పి ఉంది. స్పర్శ లేని జబ్బుగా పేరుపడినందువల్ల వీళ్ల నొప్పి వైద్యుల దృష్టికే సరిగా రాలేదు. ఈ నిర్లక్ష్యం సరిదిద్దుకోవలసినది.

చికిత్స ఎక్కడిదాకా వచ్చింది

నేడు వాడే అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రెగాబలిన్ అన్నీ నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గించేవే. రోగనిరోధక కణాల జోలికి అవి నేరుగా పోవు. 2015లో అంతర్జాతీయ నిపుణులు లెక్కగట్టిన ప్రకారం, ఒక్కరికి సగం నొప్పి తగ్గాలంటే అమిట్రిప్టిలిన్ జాతి మందును సుమారు నలుగురికి, ప్రెగాబలిన్‌ను దాదాపు ఎనిమిది మందికి ఇవ్వాలి. ఇబుప్రొఫెన్ వంటి మామూలు నొప్పి మాత్రల వల్ల ఈ నొప్పికి మేలు జరుగుతుందన్న గట్టి ఆధారం లేదు.

రోగనిరోధక కణాలను గురిపెట్టిన ప్రయత్నాలు ఎక్కువగా నిరాశపరిచాయి. ఎలుకల్లో మైక్రోగ్లియాను అణచిన ప్రొపెంటోఫిలిన్ సర్పి అనంతర నొప్పిలో పనిచేయలేదు. భక్షక కణాల రాకను ఆపే సీసీఆర్2 నిరోధకం గాయం తర్వాతి నరాల నొప్పిలో నిలవలేదు. సయాటికాలో టీఎన్‌ఎఫ్ నిరోధకాలు ఆశించినంత ఇవ్వలేదు. మాస్ట్ కణాలూ విడుదల చేసే నాడీవృద్ధికారకాన్ని అడ్డుకునే టానెజుమాబ్‌ను కీళ్లనొప్పుల్లో పరీక్షిస్తే నొప్పి తగ్గింది గానీ కొందరిలో కీళ్లు వేగంగా అరిగాయి. 2021లో దాని అభివృద్ధిని ఆపేశారు. ఎలుకకు గాయమైన రోజే, కొన్నిసార్లు గాయానికి ముందే, మందు ఇస్తారు. మనిషి ఆసుపత్రికి వచ్చేది నెలల తరువాత. అప్పటికి ఏ కణం నొప్పిని నడుపుతోందో ఆ రోగిలో కనిపెట్టే పరీక్ష ఏదీ ఇంకా చేతిలో లేదు. అందుకే ఇప్పటి ప్రయత్నాలు కణాలను తుడిచిపెట్టడం నుంచి ఇంటర్‌ల్యూకిన్-10ను, నియంత్రక టి కణాలను పెంచే దిశకు మళ్లుతున్నాయి.

మనుషుల్లో ఇప్పటికే నిలబడిన విజయం ఒకటుంది, అది టీకా. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్ నాడీముడుల్లో నిద్రాణంగా ఉండిపోతుంది. దాన్ని కాపలా కాసే టి కణాలు వయసుతో బలహీనపడినప్పుడు సర్పిగా పైకి లేస్తుంది. కొందరిలో పొక్కులు మానినా ఛాతీ చుట్టూ, నుదుటి మీద మంట ఏళ్ల తరబడి మిగులుతుంది. వైరస్‌లోని ఒక ప్రొటీన్‌తో చేసిన రీకాంబినెంట్ టీకా ఆ టి కణాలను తిరిగి బలపరుస్తుంది. 70 ఏళ్లు దాటినవారిలో సైతం సర్పిని 91 శాతం, దాని తర్వాతి నరాల నొప్పిని 89 శాతం మేర నివారించిందని పెద్ద పరీక్షల్లో తేలింది. 2023 నుంచి ఈ టీకా భారతదేశంలో దొరుకుతోంది. 50 ఏళ్లు దాటినవారికి రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు ఇస్తారు. ధర మాత్రం సామాన్యులకు అందనంత ఎక్కువ, ప్రభుత్వ టీకా కార్యక్రమంలో దీనికి ఇంకా చోటు లేదు.